పటికలో నలుపు

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ మొహం ముడుచుకోకూడదు. పెడనలో నాగభూషణరావు గారి అద్దకం షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. అక్కడ నా చేత మాట పడనివాళ్ళు లేరు, నాతో పనిచేసిన ఒక్క తాతమ్మ తప్ప. కలిసి ఉన్న పంతొమ్మిదేళ్ళలో ఆవిణ్ణి ఒకే ఒక్క మాట అన్నాను. ఆ మాట అబద్ధం. దాంతో ఆవిడ పని పోయింది.

ఈ సంగతి అర్థం కావాలంటే నా తలనొప్పి గురించి కూడా చెప్పాలి. మా అమ్మకి ఉండేది, నాకూ వచ్చింది. పార్శ్వపు నొప్పి అనేవారు. నెలకో రెండు నెలలకో ఒకసారి కళ్ళ ముందు మెరుపు గీతలు ఆడేవి, తర్వాత ఎడమ కణతలో పోటు, ఆ తర్వాత వాంతి. వాంతయ్యాక నిద్ర పట్టేది, లేచేసరికి ఏమీ ఉండేది కాదు. మా ఆయన బతికున్న మూడేళ్ళూ "నాటకాలు" అనేవాడు. ఆయన పోయాక ఇంట్లో ఆ మాట అనడానికైనా మనిషి లేకుండా పోయాడు.

మందుల షాపు కాంతారావు ఒకసారి చిన్న బిళ్ళ ఒకటి ఇచ్చాడు. వేసుకున్న అరగంటకి నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ రోజు కాంతారావుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఇంకేముంది, నెలకి రెండు బిళ్ళలు నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి. కొన్నాళ్ళకి నొప్పి వస్తుందేమోనన్న భయంతో ముందే ఒకటి మింగడం అలవాటైంది. కొంగు చివర ముడిలో ఎప్పుడూ బిళ్ళల అట్ట ఉండేది.

"ఒసే సరోజినీ, అన్నం కంటే అవే ఎక్కువ తింటున్నావే" అనేది తాతమ్మ.

"నొప్పి నీ తలలో కాదుగా అక్కా, నీకేం తెలుస్తుంది?" అనేదాన్ని.

తాతమ్మ నాకంటే పదేళ్ళు పెద్దది. షెడ్డు వెనక రాగి కాగుల దగ్గర బట్ట ఉడకేసేది. ఆవిడకీ ముందూ వెనకా ఎవరూ లేరు, బందరు పక్క గిలకలదిండిలో ఒక తమ్ముడు తప్ప. మధ్యాహ్నం ఇద్దరం కలిసే తినేవాళ్ళం. నా క్యారేజీ మూతే ఆవిడకి పళ్ళెం. నాకు తల పగిలిపోతున్న రోజున కాగు దగ్గర్నుంచి లేచి వచ్చి, వేడివేడి అరచేతులు నా కణతల మీద పెట్టి నొక్కేది. ఆ చేతులు రంగు పట్టి ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, సబ్బుకి కూడా వదిలేవి కావు. కాసేపయ్యాక "ఇంక లేవండి మహారాణీ గారూ" అని నెత్తి మీద ఒక్కటి వేసేది. బిళ్ళకి తగ్గిందో ఆ చేతులకి తగ్గిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

మా పనిలో ఎరుపు, అద్దేటప్పుడు కనిపించదు. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డ మీద ముందు నలుపు అద్దుతాం. బెల్లంలో ఇనప తుక్కు ఊరబెట్టి తీసిన రంగు అది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతాం. ఆ అచ్చు గుడ్డ మీద కనీ కనిపించకుండా ఉంటుంది. కాలవలో ఉతికి, కాగులో ఎర్ర రంగు వేరు వేసి ఉడకేస్తే అప్పుడు బయటపడుతుంది ఎరుపు. అంటే నేను అద్దిన ఎరుపుని నాకంటే ముందు చూసేది తాతమ్మ. "ఇవాళ నీ పువ్వులు బాగా పేలాయే" అని కాగు దగ్గర్నుంచి కేకేసేది. పటికలో మాత్రం ఇనుము తగలకూడదు. తగిలిందా, ఎరుపు చచ్చిపోయి వంకాయ తొక్క రంగుకి దిగిపోతుంది. అందుకే నలుపు కుండకీ పటిక కుండకీ వేరువేరు చిప్పగరిటెలు పెట్టుకుంటాం. నలుపు గరిటె కాడకి తాడు కట్టి ఉంటుంది. కాగుల దగ్గరికి ఇనప బకెట్టు రానివ్వం.

రెండువేల ఒకటి, వర్షాలు పట్టకముందు. హైదరాబాదు నుంచి ముప్పై దుప్పట్లకి ఆర్డరు వచ్చింది. అప్పటికి నాకు వారంలో నాలుగు రోజులు తలనొప్పే. ఎన్నోసార్లు నేను అద్దే బల్ల వదిలేసి గోడ పక్కన పడుకున్నాను. నాగభూషణరావు గారు చూసీ చూసీ, "ఇదిగో సరోజినీ, ఈ ఆర్డరు మధ్యలో తలనొప్పన్నావంటే బల్ల ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను, తర్వాత నన్ననుకుని లాభం లేదు" అన్నారు. ఆ బల్ల తప్ప నాకు ఈ లోకంలో నా చోటు అని చెప్పుకోవడానికి ఏదీ లేదు. అద్దెగది కూడా మగ్గాల వాళ్ళ ఇంటి వెనక వాటా.

పటిక అద్దే రోజు పొద్దున్నే కళ్ళ ముందు మెరుపులు మొదలయ్యాయి. చూపులో ఎడం పక్కంతా మాయమైపోయింది. ఒక బిళ్ళ మింగాను, గంట తర్వాత ఇంకొకటి. అచ్చు ముంచే ట్రేలో పటిక అయిపోయినప్పుడల్లా చేతికందిన గరిటెతో ముంచి పోసుకుంటూ అద్దుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి అద్దినది కాస్త మాసినట్టు, బూడిద రంగులో కనబడింది. నా కళ్ళే అలా ఉన్నాయిలే అనుకున్నాను. పక్కవాళ్ళని పిలిచి "ఒకసారి ఇది చూడండి" అంటే సరిపోయేది. పిలిస్తే తలనొప్పి సంగతి బయటపడుతుంది కదా! పిలవలేదు.

సాయంత్రం నొప్పి తగ్గింది. కుండ మీద మూత పెట్టబోతే, పటికలో తాడు కట్టిన గరిటె.

రోజంతా నలుపు గరిటెతోనే ముంచాను! ఆ నిమిషాన వెళ్ళి చెబితే తిట్లు తినేదాన్ని, బల్ల పోయేది. గరిటె కడిగి దాని చోట దాన్ని పెట్టేసి, ఎక్కువ కలవలేదేమోలే అని నాకు నేనే చెప్పుకుని ఇంటికొచ్చాను.

మూడో రోజున ముప్పై దుప్పట్లూ ఒకే కాగులో పడ్డాయి. తాతమ్మ కర్రతో మొదటి దుప్పటి పైకెత్తింది. ఎర్ర పువ్వులు ఉండవలసిన చోట వంకాయ తొక్కలు. నాగభూషణరావు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏం చేశావే తాతమ్మా? కొంప ముంచావు కదే!"

కాగుల్లో నీళ్ళు పోసే రాగి బకెట్టుని మాటు వేయించడానికి బందరు పంపారు ఆ వారం. పేడనీళ్ళ ఇనప బకెట్టు కాగులకి నాలుగడుగుల దూరంలో బోర్లించి ఉంది. అందరూ నిలబడి ఉన్నారు. ఎవరూ నన్నడగలేదు. నా అంతట నేనే నోరు విప్పాను.

"పొద్దున ఆ బకెట్టుతో కాగులో నీళ్ళు పోస్తుంటే చూశానండీ."

తాతమ్మ నా వైపు చూసింది. చేతిలోని దుప్పటి తిరగేసి అటూ ఇటూ చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఏమంటుందో అని నేను పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆవిడ దుప్పటి కాగులో వదిలేసి, తువ్వాలు భుజాన వేసుకుని, గేటు దాకా నడిచింది. గేటు దగ్గర ఒకసారి ఆగింది. తర్వాత వెళ్ళిపోయింది. గిలకలదిండిలో తమ్ముడింటికి చేరిందని తర్వాత తెలిసింది.

బల్ల నాకే ఉంది. తలనొప్పి మాత్రం వారానికి ఏడు రోజులైంది. తెల్లారి లేస్తూనే నొప్పి, ఒక బిళ్ళ. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి. షెడ్డులో నాతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. భోజనాల వేళ అందరూ ఒక పక్క కూర్చునేవాళ్ళు, నేను నా బల్ల కింద కూర్చునేదాన్ని. నా చిరాకు చూసి తప్పుకుంటున్నారనుకున్నాను. తప్పుకుంటే తప్పుకోనీ, నాకేం తక్కువ అనుకున్నాను. కానీ క్యారేజీ మూత తీసినప్పుడల్లా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఇది తాతమ్మ ఉసురే, ఆవిడ ఏడుపు నా తల మీద కూర్చుందని నమ్మాను. దానికి బిళ్ళ తప్ప వేరే విరుగుడు తెలియదు.

ఏడాది తిరిగేసరికి ఒక రోజు చెక్క అచ్చు చేతిలోంచి జారి కాలి మీద పడింది. నాగభూషణరావు గారే "బందరెళ్ళి చూపించుకో, ఇలా అయితే చచ్చిపోతావు" అన్నారు. తల స్కాన్ తీయించిన కాగితాలు పట్టుకుని డాక్టర్ మాధవి గారి ముందు కూర్చున్నాను. చిన్నమ్మాయి. నా తలలో గడ్డ ఉందని చెబుతుందని ఎదురు చూశాను. నిజం చెప్పాలంటే చెబితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తలలో ఏమీ లేదమ్మా. ఈ బిళ్ళలు రోజుకెన్ని వేసుకుంటున్నారు?"

"మూడు. నాలుగు కూడా."

"నెలంతానా?"

"మరి నెలంతా నొప్పేగా!"

ఆవిడ కలం కింద పెట్టింది. "మీ పాత నొప్పి నెలకొకసారి వచ్చేది కదా. ఇప్పుడు రోజూ వచ్చేది ఆ నొప్పి కాదు. ఇది బిళ్ళ వల్ల వచ్చే నొప్పి. ఒంట్లో మందు దిగిపోతున్న కొద్దీ తల మళ్ళీ మందు అడుగుతుంది. మీరు ఇస్తున్నారు, అది ఇంకా అడుగుతోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నొప్పి తగ్గించే బిళ్ళ నొప్పి తెస్తుందా అండీ? మీరెక్కడ చదువుకున్నారమ్మా?"

"గుంటూరులో" అని నవ్విందా అమ్మాయి. కోప్పడనేలేదు. "మొత్తం మానేయాలి. మొదటి వారం పది రోజులు ఇంతకంటే ఘోరంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. వాంతులకి మందిస్తాను. రోజూ పడుకోబోయే ముందు వేసుకోవడానికి ఇంకొకటి రాస్తాను, అది అలవాటయ్యేది కాదు. ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఎవరున్నారు?"

"తాతమ్మ ఉందండీ" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆ పేరు తప్ప ఇంకో పేరు నా నోటికి రాలేదు. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది కూడా.

మిగిలిన బిళ్ళలు బస్టాండు పక్క మురుక్కాలవలో పారేసి ఇంటికొచ్చాను. షెడ్డుకి సెలవు చెప్పాను. మర్నాడు పొద్దున్నే మొదలైంది. ముందు వాటాలో మగ్గం టకటకమన్నప్పుడల్లా ఆ పలక నా కణత మీదే పడ్డట్టుండేది. కిటికీ రెక్కల సందులోంచి వచ్చే ఎండ చీలిక కూడా భరించలేక చీర అడ్డం కట్టాను. తాగిన మంచినీళ్ళు తాగినట్టే బయటికొచ్చేవి. ఇంటావిడ తలుపు అవతల నిలబడి "ఏమ్మా, జ్వరమా? గంజి కాచి ఇవ్వనా?" అంది. "ఏమీ వద్దు, ముందు అక్కణ్ణుంచి వెళ్ళండి!" అని అరిచాను. వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఎందుకొస్తుంది?

నాలుగో రోజు మధ్యాహ్నం ఇక నా వల్ల కాలేదు. గోడలు పట్టుకుంటూ కాంతారావు షాపుకి వెళ్ళాను. నన్ను చూస్తూనే "రా అక్కా, వారం నుంచి కనబడలేదేంటి?" అని అడక్కుండానే అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. చేతిలోకి తీసుకున్నాను. చించడమే తరువాయి. ఇది వేసుకుంటే అరగంటలో తగ్గుతుంది, తగ్గాక మళ్ళీ నాలుగు రోజులు మొదటి నుంచీ పడాలి. "ఒసే, అన్నం కంటే అవే ఎక్కువ" అన్న గొంతు నాకు నిజంగా వినబడింది. అట్ట అతని చేతిలోనే పెట్టి, "ఇంకెప్పుడూ నేనడిగినా ఇవ్వకు" అని అరిచి వచ్చేశాను. పాపం, అతని తప్పేముంది!

ఆ తర్వాత రోజులన్నీ ఒకటే రోజు. డాక్టరుకి చెప్పాను గనక తాతమ్మ గదిలో ఉన్నట్టే అనుకుని మాట్లాడాను. "కాస్త గట్టిగా నొక్కవే అక్కా" అనేదాన్ని. నా కణతలు నేనే నొక్కుకునేదాన్ని. నా చేతులు చల్లగా ఉండేవి. ఏడ్చాను కూడా, ఇందులో దాచడానికేముంది? ఏడిస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది, అదో కర్మ.

పదకొండో రోజు పొద్దున మెలకువ వచ్చింది. మగ్గం టకటకమంటోంది. ఉత్త మగ్గం చప్పుడు, అంతే. లేచి కూర్చున్నాను. తలలో ఏమీ లేదు. ఏడాదిగా తెలియని తేలిక. కిటికీకి కట్టిన చీర విప్పేశాను, ఎండ మొహాన పడినా ఊరుకున్నాను.

సంతోషించాలి కదా! పావుగంట సంతోషించాను. ఆ తర్వాత వచ్చింది అసలు సంగతి. నొప్పి ఉన్నన్నాళ్ళూ అది నొప్పి వెనక ఎక్కడో ఉండిపోయింది. ఇప్పుడు అడ్డం తొలగింది, ఎదురుగా వచ్చి నిలబడింది. బిళ్ళల వల్లే ఇదంతా జరిగిందని అనుకోబోయాను. కళ్ళు మసకేసింది నిజమే, నలుపు గరిటె చేతికి రావడం కూడా ఒంట్లో బాగాలేకే. కానీ "బకెట్టుతో పోస్తుంటే చూశాను" అన్నప్పుడు నాకు తలనొప్పి లేదు. ఆ రోజు నాకు శుభ్రంగా ఉంది. ఆ మాట ఏ బిళ్ళా అనలేదు, నేనన్నాను.

స్నానం చేసి బందరు బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో గిలకలదిండి.

హార్బరు దగ్గర వేలంపాట అయిపోయింది. ఐసు నీళ్ళు కాళ్ళ కింద పారుతున్నాయి. నలుగురిని అడిగితే చూపించారు. తమ్ముడింటి ముందు నేల మీద పరిచిన పరదా మీద తాతమ్మ చేపలకి ఉప్పు రాస్తోంది. సగానికి సగం అయిపోయింది మనిషి. ముందు నాకు ఆవిడ చేతులే కనబడ్డాయి. ఎరుపు లేదు. ఉప్పుకి పాలిపోయి, వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి.

"ఏంటిలా వచ్చావు?" అంది తలెత్తకుండా.

"అక్కా, ఆ దుప్పట్లు చెడగొట్టింది నేను. పటికలో నలుపు గరిటె పెట్టాను. నువ్వు బకెట్టు ముట్టుకోలేదు. నేను అబద్ధం చెప్పాను." దారంతా అనుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో అయిపోయాయి.

తాతమ్మ ఇంకో చేప తీసుకుని ఉప్పు రాసింది. "తెలుసు."

"తెలుసా?"

"కాగులో ఇనుము పడితే గుడ్డంతా నల్లబడుతుంది కదే. పువ్వులే చచ్చాయి, మధ్యలో గుడ్డ తెల్లగానే ఉంది. దుప్పటి తిరగేసి చూశాను కదా! పంతొమ్మిదేళ్ళు ఉడకేసినదానికి ఆమాత్రం తెలీదా?"

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను. గేటు దాకా చూశాను. అక్కడ ఆగి కూడా చూశాను." మొదటిసారి తలెత్తింది. "నేనొక్కదాన్నే ఏంటి, షెడ్డులో కళ్ళున్నవాళ్ళందరికీ తెలుసు. నాగభూషణరావు గారికి తెలీదనుకున్నావా? ఉడకేసేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు, నీలాగా అద్దేవాళ్ళు దొరకరు. ఆయన లెక్క ఆయనది."

నేను పరదా పక్కన మట్టిలో కూర్చుండిపోయాను. ఏడాదంతా బల్ల కింద ఒక్కదాన్నే తిన్న అన్నం గుర్తొచ్చింది. వాళ్ళు తప్పుకుంది నా చిరాకు చూసి కాదు. నేను ప్రాణంలా దాచుకున్న సంగతి అక్కడ అందరికీ తెలుసు, అలా తెలుసని తెలియనిది నాకొక్కదానికే.

తాతమ్మ ఇంకో చేప అందుకుంటూ అడిగింది. "తలనొప్పి ఎలా ఉంది?"

"తగ్గింది. బిళ్ళలు మానేశాను. పది రోజులు నరకం చూశాను."

"ఎవరు చూసుకున్నారు?"

"ఎవరూ లేరు. డాక్టరమ్మ అడిగితే తోడుగా నువ్వున్నావని చెప్పాను."

తాతమ్మ చేతులు ఆగాయి. నవ్వుతుందేమో అనుకున్నాను. "నా పేరు ఎప్పుడూ బాగానే వాడుకుంటావు" అంది.

మట్టిలోనే ఆవిడ వైపు జరిగాను.

"రేపు అందరి ముందూ చెబుతాను. నువ్వు మళ్ళీ వచ్చెయ్యి అక్కా."

"తెలిసినవాళ్ళకి ఏం చెబుతావు? నేను రాను. రోజూ నీ మొహం చూడటం నా వల్ల కాదు." కోపంగా కూడా అనలేదు. "నాలుగున్నరకి బస్సుంది, వెళ్ళు."

మర్నాడు భోజనాల వేళ నిలబడి చెప్పాను. గరిటె సంగతి, బకెట్టు సంగతి, అంతా. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకరిద్దరు తలలు వంచుకున్నారు. నాగభూషణరావు గారు "అయిపోయిందానికి ఇప్పుడెందుకమ్మా ఈ గోల, అన్నాలు తినండి" అని లోపలికి వెళ్ళిపోయారు. బల్ల నాదే. తిట్టినవాళ్ళు కూడా లేరు. తిడితే బాగుండేది.

నా చోట కూర్చుని క్యారేజీ విప్పాను. అలవాటు చొప్పున మూత పక్కన పెట్టి, దాంట్లో నాలుగు ముద్దలు వేశాను. వేశాక గానీ ఏం చేశానో తెలియలేదు. తీసి మళ్ళీ గిన్నెలో వేసుకోబుద్ధి కాలేదు. తల మాత్రం తేలిగ్గా ఉంది, ఎక్కడా నొప్పి లేదు. నొప్పని చెప్పుకుని కళ్ళు మూసుకుని గోడ పక్కన పడుకునే వీలు కూడా ఇక లేదు. ఆ మూతని చూస్తూ అన్నం తిన్నాను.